అటక మీది వాల్వు సెట్టు

సంగారెడ్డిలో పోతిరెడ్డిపల్లి చౌరస్తా నుంచి లోపలికి వెళ్లే ఒక గల్లీలో, ఒక ఇంటి అటక మీద, పాత దుప్పటిలో చుట్టిన వాల్వు రేడియో రిసీవరు ఉండేది. ఇంటి పెద్దాయన ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్లు ఎలక్ట్రికల్ పని చేసి రిటైరయ్యారు. సెట్టు ఆయనది కాదు, ఆయనకు పని నేర్పిన మనిషిది. ఆ గురువు పోయాక ఇంట్లోవాళ్లు పాతసామాను బండికి వేయబోతుంటే ఈయన అడిగి తెచ్చుకున్నారు. "అమ్మను బిడ్డా. ఊకె ఇయ్యను. నేర్చుకుంటనంటే మాత్రం చేతుల పెడ్త" అన్నారు నాతో.

ఆ మాట విన్నప్పటి నుంచి ఒకే ప్రశ్న నన్ను వదలడం లేదు. ఇలాంటి సెట్లు ఎవరి దగ్గర ఉండాలి? అటక మీదా, అద్దాల బీరువాలోనా, విప్పి వాల్వులు అమ్ముకునేవాళ్ల దగ్గరా? నా మొగ్గు ముందే చెప్పేస్తాను. హామ్ రేడియో క్లబ్బు దగ్గర ఉండాలి, లెక్క రాసి అరువివ్వాలి. మన ఊళ్లలో పెళ్లి గంగాళాలు సంఘం దగ్గర ఉంటాయి. కావలసినవాళ్లు పద్దు రాయించి తీసుకెళ్తారు, వండుకుంటారు, తోమి తెచ్చిస్తారు. మూత పోతే మూత కొనివ్వాలి. ఒక ఇంట్లో ఏళ్ల తరబడి బోర్లించి ఉండే గంగాళం సంఘం దగ్గరుంటే ఏ ముహూర్తానికీ ఖాళీగా ఉండదు. వాల్వు సెట్టుకు ఈ పద్ధతి చాలావరకు సరిపోతుంది. సరిపోని చోటు ఒకటుంది. అది ప్రాణం మీదికి తెచ్చే చోటు కనుక దాని గురించి వివరంగా రాస్తాను.

ముందు ఈ సెట్లు మన దగ్గరికి ఎలా వచ్చాయో చూద్దాం. ఔత్సాహికులు లైసెన్సు తీసుకుని సరదాగా నడిపే హామ్ రేడియో మన దేశంలో 1921లో కలకత్తాలో అమరేంద్ర చంద్ర గుప్తుతో మొదలైందని చెబుతారు. 1939లో యుద్ధం రాగానే లైసెన్సులు ఆపేసి ట్రాన్స్‌మిటర్లు అప్పగించమన్నారు. యుద్ధం ముగిశాక మిగులు సామాను గుట్టలుగా అమ్మకానికి వచ్చింది. అమెరికా బాంబర్లలో వాడిన బి.సి.-348, లాంకాస్టర్ విమానాల్లోని ఆర్-1155, బ్రిటిష్ ట్యాంకుల్లోని నంబర్ 19 సెట్టు లాంటివి ఔత్సాహికుల చేతికి అలా చేరాయి. ట్రాన్స్‌మిటరు మాత్రం ఎక్కువమంది ఇంట్లోనే కట్టుకున్నారు. ఆ కట్టుబడికి ప్రాణం 807 అనే వాల్వు. అమెరికాలో ఆర్.సి.ఎ. కంపెనీ 1936లో తెచ్చింది. నెత్తి మీద టోపీలాంటి ప్లేటు కనెక్షను, కింద అయిదు కాళ్లు, 6.3 వోల్టుల హీటరు. పిడికిలంత గాజు బుడ్డితో ఖండాలు దాటి మాట్లాడేవారు. మామూలు రిసీవింగ్ వాల్వులను తర్వాత బెంగళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ కూడా తయారుచేసింది. 1980ల్లో హామ్ పరికరాల దిగుమతి మీద సుంకం మినహాయించాక జపాను సెట్లు పెరిగాయి. అంతకు ముందు దశాబ్దపు జపాను సెట్లలో సగం ట్రాన్సిస్టర్లు, చివరి పవర్ దశలో మాత్రం వాల్వులు ఉన్నవి చాలా ఉండేవి. యేసు ఎఫ్.టి.-101, కెన్‌వుడ్ టి.ఎస్.-520 ఆ కోవలోవే.

అరువిచ్చే క్లబ్బు ఏ సెట్టు ఉంచుకోవాలి, ఏది వద్దనాలి అనేదానికి సమాధానం ఈ చరిత్రలోనే ఉంది. తొలి ఎఫ్.టి.-101లలో చివరి వాల్వులు 6జె.ఎస్.6సి. అవి వాల్వు టీవీల్లో తెర మీద గీతలు నడపడానికి పుట్టిన జాతి. ఆ టీవీలు పోవడంతో వాటి తయారీ కూడా ఆగిపోయింది. ఒకటి కాలిందంటే కొత్తది వెతకడమే ఒక యాత్ర. అదే కంపెనీ తర్వాత తెచ్చిన 101-జెడ్‌.డి.లో 6146బి వాడింది. కెన్‌వుడ్ 520లోని వాల్వుకు కూడా 6146బి సరితూగుతుంది. నేర్చుకునేవాడి చేతిలో వాల్వు కాలక మానదు. కాబట్టి 807, 6146 వాడే సెట్లు అరువు వరసలో ఉండాలి. దొరకని వాల్వుల సెట్టు ఎంత అందంగా ఉన్నా పెద్దవాళ్ల చేతిలోనే నడవాలి. చిన్న వాల్వులకు ఈ బెంగ తక్కువ. గిటారు ఆంప్లిఫయర్ల పుణ్యమా అని 12ఎ.ఎక్స్.7, 6ఎల్6 లాంటివి రష్యా, స్లొవేకియా, చైనాల్లో ఇప్పటికీ చేస్తున్నారు. అదే పాటల మోజు ఇంకోవైపు పాత సెట్ల ప్రాణం తీస్తోంది. మంచి రిసీవర్లను విప్పి, నాలుగు వాల్వులూ ఒక ట్రాన్స్‌ఫారమూ పీకి, మిగతాది తుక్కు కింద వేస్తున్నారు. ఎర్రగడ్డ ఆదివారం సంతలో అలాంటి ఖాళీ చాసిస్‌ను చేతుల్లోకి తీసుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

పాత సెట్టు గురించి చాలామందికి ఉన్న నమ్మకం ఒకటుంది. వాడకుండా ఉంచితే భద్రంగా ఉంటుందని. ఇది పూర్తిగా తప్పు. పవర్ సప్లైలో ఉండే ఎలక్ట్రోలిటిక్ కండెన్సరు లోపల అల్యూమినియం రేకు మీద సన్నని ఆక్సైడు పొర ఉంటుంది. వోల్టేజీని ఆపేది ఆ పొరే. కరెంటు పడుతున్నంత కాలం పొర తనను తాను సరిచేసుకుంటుంది. ఏళ్ల తరబడి కరెంటు లేకపోతే పలచబడుతుంది. ఒక్కసారిగా స్విచ్చు వేస్తే కండెన్సరు కరెంటు లాగి, వేడెక్కి, పగులుతుంది. నాకిది పుస్తకంలో తెలిసింది కాదు. ఒకాయన దగ్గర అరువు తెచ్చిన రిసీవరును, ఇరవై ఏళ్లు మూలన ఉన్నదాన్ని, ఆత్రం పట్టలేక నేరుగా ప్లగ్గులో పెట్టాను. నిమిషం డయలు బల్బు వెలిగింది, నిమిషన్నర హోరు వినిపించింది, తర్వాత టపాకాయ పేలినట్టు చప్పుడు, గదినిండా ఘాటైన పొగ. కండెన్సరుతో పాటు పవర్ ట్రాన్స్‌ఫారం కూడా పోయింది. ఆ ట్రాన్స్‌ఫారం చుట్టించి తిరిగి ఇచ్చేసరికి నాలుగు నెలలు పట్టింది. ఆయన ఒక్క మాట అనలేదు. అనకపోవడమే ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఆ రోజు నాకు తెలిసి ఉండాల్సినది మన ప్రతి ఎలక్ట్రీషియనుకూ తెలిసిన సిరీస్ బోర్డు. హోల్డరులో 60 వాట్ల పాతరకం బల్బు, దానికి వరసలో ప్లగ్గు. సెట్టు లోపల షార్టు ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది, సెట్టుకు ఏమీ కాదు. బల్బు ఒక్కసారి వెలిగి మందగిస్తే ముందుకు పోవచ్చు. వేరియాక్ ఉంటే వోల్టేజీని గంటల కొద్దీ మెల్లగా పెంచి పాత కండెన్సరును మళ్లీ దారిలో పెట్టేవాళ్లున్నారు. నా అభిప్రాయం వేరు. అరువు సెట్టులో పాత ఎలక్ట్రోలిటిక్‌లనూ మైనం పూసిన కాగితం కండెన్సర్లనూ తీసేసి కొత్తవి వేయాల్సిందే. పాత డబ్బా అందం కోసం పైన అలాగే ఉండనివ్వండి, వైరు మాత్రం కొత్తదానికి కలపండి. కాగితం కండెన్సరు ఒకటి లీకైతే తర్వాతి వాల్వు గ్రిడ్డుకు ప్లస్సు పోయి ప్లేటు ఎర్రగా కాలిపోతుంది. కొత్తవి కోఠీ గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. అసలు భాగాలు మార్చితే పాతదనం పోతుందనే వాదన మ్యూజియానికి చెల్లుతుంది, పదిమంది చేతుల్లో తిరిగే సెట్టుకు చెల్లదు.

ఇక గంగాళం పద్ధతి సరిపోని చోటు. గంగాళం ఎవరినీ చంపదు. వాల్వు ట్రాన్స్‌మిటరు చంపగలదు. 807కు ప్లేటు మీద 600 వోల్టుల డి.సి. ఇస్తారు, 813 లాంటి పెద్ద వాల్వుకు 2,000 దాకా. స్విచ్చు ఆపినా కండెన్సర్లలో ఆ వోల్టేజీ నిలిచి ఉంటుంది. దాన్ని కాల్చేయడానికి బ్లీడర్ రెసిస్టరు పెడతారు. డెబ్బై ఏళ్ల నాటి బ్లీడరు తెగిపోయి ఉంటే బయటికి కనిపించదు. అందుకే మూత తీసిన ప్రతిసారీ, ఎండు కర్రకు కట్టి గ్రౌండు చేసిన తీగతో ప్లేటు టోపీనీ కండెన్సరునూ తాకించాలి. అప్పుడు ఎడమ చెయ్యి జేబులో ఉండాలి, ఎందుకంటే రెండు చేతుల మధ్య గుండె ఉంటుంది. రిసీవర్లలోనూ మోసం చేసేవి ఉన్నాయి. 1946లో వచ్చిన హాలిక్రాఫ్టర్స్ ఎస్-38 చూడముచ్చటైన సెట్టు. రేమండ్ లోవీ అనే పేరున్న డిజైనరు దాని రూపం దిద్దాడు. కానీ దానికి పవర్ ట్రాన్స్‌ఫారం లేదు. గోడలోని కరెంటు తీగల్లో ఒకటి నేరుగా లోపలి చాసిస్‌కు చేరుతుంది. పైగా అది అమెరికా 117 వోల్టులకు చేసినది. మన 230 వోల్టులకు వాడాలంటే రెండు చుట్లూ వేర్వేరుగా ఉన్న ఐసొలేషన్ రకం స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫారమే ఉండాలి. చౌకగా దొరికే ఆటో ట్రాన్స్‌ఫారం వోల్టేజీ తగ్గిస్తుందే గానీ మనిషిని కాపాడదు.

అందుకని అరువును రెండుగా విడదీయాలంటాను. రిసీవరు ఇంటికి వెళ్లవచ్చు, కండెన్సర్లు మార్చి, మూడు పిన్నుల వైరు వేసి, ఫ్యూజు పెట్టిన తర్వాత. ట్రాన్స్‌మిటరు మాత్రం క్లబ్బు బల్ల దాటకూడదు. అక్కడ అరువిచ్చేది పెట్టెను కాదు, గంటలను. శనివారం సాయంత్రం రెండు గంటలు ఈ బల్ల నీది, పక్కన తెలిసినవాళ్లొకరు కూర్చుంటారు, లాగ్‌బుక్కు నువ్వే రాస్తావు. చట్టం కూడా దాదాపు ఇదే గీత గీసింది. 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం కాలం నుంచి మన దేశంలో ట్రాన్స్‌మిటరు వాడటానికే కాదు, దగ్గర ఉంచుకోవడానికీ లైసెన్సు కావాలి. పన్నెండేళ్లు నిండినవాళ్లు టెలికాం శాఖ పరీక్ష రాయవచ్చు. రిస్ట్రిక్టెడ్ గ్రేడుకు మోర్స్ అక్కర్లేదు. జనరల్ గ్రేడుకు నిమిషానికి ఎనిమిది మాటల వేగంతో మోర్స్ రావాలి, 400 వాట్ల దాకా అనుమతి ఉంటుంది. సంస్థలు క్లబ్బు స్టేషను లైసెన్సు తీసుకోవచ్చు. లైసెన్సు లేని కుర్రాడి ఇంటికి ట్రాన్స్‌మిటరు పంపడం దయ కాదు, వాడిని కేసులో ఇరికించడం.

ఇంత జాగ్రత్త పడి ఆ బల్ల దగ్గర కూర్చుంటే దొరికేదేమిటి? 807 ట్రాన్స్‌మిటరును ట్యూను చేయడం ఒకసారి దగ్గరగా చూడండి. హీటర్లు వేసి రెండు నిమిషాలు ఆగాలి. ముందు చీకట్లో నారింజ చుక్కలు కనిపిస్తాయి, వెచ్చబడిన దుమ్మూ బేకలైటూ కలిసిన వాసన వస్తుంది. పవర్ సప్లైలో వోల్టేజీని నిలకడగా ఉంచే వి.ఆర్.-150 వాల్వు ఉంటే అది ఊదారంగులో వెలుగుతుంది. ఇప్పుడు కీ నొక్కగానే ప్లేటు కరెంటు ముల్లు 150 మిల్లీ ఆంపియర్లకు ఎగురుతుంది. 600 వోల్టులను 150 మిల్లీ ఆంపియర్లతో హెచ్చవేస్తే 90 వాట్లు. ట్యూను కలవనప్పుడు ఆ 90 వాట్లలో ఎక్కువ భాగం 25 వాట్లు తట్టుకునే ప్లేటు మీదే పడతాయి. కొన్ని క్షణాలే గడువు. ఆ గడువులో ఎడమ చేత్తో ప్లేటు కండెన్సరు నాబ్ తిప్పాలి. ముల్లు ఒక్కచోట గభాలున కిందికి దిగుతుంది. దాన్నే డిప్ అంటారు. కీ వదిలేసి ఊపిరి తీసుకోవచ్చు. తర్వాత యాంటెన్నా లోడింగు కొంచెం పెంచాలి, ముల్లు పైకి వస్తుంది, మళ్లీ డిప్ వెతకాలి. అలా రెండు నాబ్‌ల మధ్య అటూ ఇటూ పోతూ, డిప్ దగ్గర కూడా ముల్లు 100 మీద నిలిచేదాకా తేవాలి. 60 వాట్లు లోపలికి పోతున్నాయి, చాలా భాగం తీగ మీదికి వెళ్తోంది. ఈ కాలపు సెట్టు ఇదంతా క్షణంలో తనే చేసుకుంటుంది. కానీ రెజొనెన్సు అనే మాట పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న ఇంజనీరింగు పిల్లాడు, ఆ ముల్లు దిగడం చూసిన రోజున దాన్ని చేతివేళ్లతో తెలుసుకుంటాడు. వాల్వు సెట్లు మ్యూజియానికి పోకూడదనడానికి నాకున్న అసలు కారణం ఇదే.

లోపాలు దాచను. చల్లగా ఉన్న సెట్టు అరగంట దాకా ఫ్రీక్వెన్సీ జారుతూనే ఉంటుంది. పవర్ సప్లై బలహీనమైతే మోర్స్‌లో ప్రతి చుక్కా పిట్టకూతలా వంగుతుంది. అవతలివాళ్లకు అది చికాకు. అందుకే మాట్లాడే ముందు సెట్టును అరగంట వేడెక్కనివ్వడం మర్యాద. విపత్తుల్లో వాల్వు సెట్లే ఆదుకుంటాయనే వాళ్లతో కూడా నేను ఏకీభవించను. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు, హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ బృందం పోర్ట్‌బ్లెయిర్‌లో ఉంది. వేడుకగా ప్రపంచంతో మాట్లాడటానికి వెళ్లినవాళ్లు ఆ ఉదయం నుంచి ద్వీపాల వార్తలు మోశారు. వాళ్ల దగ్గరున్నవి మోసుకుపోగల కొత్త సెట్లు. ముప్ఫై కిలోల ఇనుప పెట్టెను, అదీ 230 వోల్టులు లేనిదే కదలనిదాన్ని, తుపాను ఊరికి ఎవరూ మోయలేరు. ఎస్. సూరి 1983లో నెలకొల్పిన ఆ సంస్థ రాజ్‌భవన్ రోడ్డు నుంచి ఎంతోమందికి లైసెన్సు పాఠాలు చెప్పింది. మన రాష్ట్రాల్లో హామ్ అనే మాట ఇంతమందికి తెలియడంలో దాని పాలు పెద్దది.

గట్టి అభ్యంతరం ఇంకొకటి ఉంది, అది కూడా హైదరాబాదు నుంచే. అషర్ ఫర్హాన్ రూపొందించిన బిటెక్స్ ట్రాన్స్‌సీవరు చవకైన మామూలు ట్రాన్సిస్టర్లతో, 12 వోల్టులతో నడుస్తుంది. ప్రపంచమంతటా వేలమంది దాన్ని కట్టుకున్నారు. ఆయన భాగస్వామిగా 2010లో బంజారాహిల్స్‌లో మొదలైన లామకాన్‌లో హామ్ క్లబ్బు కూడా నడుస్తోంది. అలాంటిది ఉండగా ప్రమాదకరమైన గాజు బుడ్లెందుకు అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. పిల్లవాడి ఇంటికి పంపాల్సింది బిటెక్సే అని ఒప్పుకుంటాను. సోల్డరింగు తప్పితే వేలు చురుక్కుమంటుంది, అంతే. కానీ అందులో జరిగేది కంటికి కనబడదు. ఒక చోట రెండూ పెట్టి, ఇంటికి బిటెక్సు, బల్ల మీద 807 అని పంచుకుంటే ఒకదాని పాఠం ఇంకోదానికి పనికొస్తుంది.

బయటి దేశాల్లో ఈ ఆలోచన పాతదే. న్యూయార్క్ రాష్ట్రంలోని బ్లూమ్‌ఫీల్డ్‌లో యాంటీక్ వైర్‌లెస్ అసోసియేషన్ 1952 నుంచి ఉంది. మ్యూజియంతో పాటు సొంత స్టేషనూ నడుపుతుంది. 1929 లేదా అంతకు ముందు నమూనా ట్రాన్స్‌మిటర్లతోనే పాల్గొనాల్సిన పోటీ ఒకటి ఏటా పెడుతుంది. బ్రిటన్‌లో పాత సెట్ల కోసం, సైనిక సెట్ల కోసం ఒక సంఘం ఉంది. వాళ్లందరి అనుభవం ఒక్కటే చెబుతోంది: ఏడాదిలో ఒక తేదీ పెట్టుకుంటే సెట్లు అటకల నుంచి దిగుతాయి.

మన దగ్గర తేదీకి కొరత లేదు, మనుషులకూ లేదు. రామచంద్రాపురం బీహెచ్ఈఎల్‌లో, ఎద్దుమైలారం ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలో, పటాన్‌చెరు యూనిట్లలో పనిచేసి సంగారెడ్డి చుట్టుపక్కల స్థిరపడినవాళ్లు వందల్లో ఉన్నారు. ట్రాన్స్‌ఫారం చుట్టడం, చాసిస్ రేకు వంచడం, మెగ్గరు పట్టడం వాళ్లకు చేయి తిరిగిన పని. కందిలో ఐఐటీ ఉంది, సుల్తాన్‌పూర్‌లో జేఎన్‌టీయూ కాలేజీ ఉంది, రుద్రారంలో గీతం ఉంది. పాత చేతులూ కొత్త పిల్లలూ ఒకే రోడ్డు మీద రోజూ ఎదురెదురుగా పోతున్నారు, పలకరింపు లేకుండా. కలిపే బల్ల ఒక్కటి చాలు. అడ్డంకి ఇంకోటుంది: పారిశ్రామికవాడ రొద. వెల్డింగు మిషన్లు, మోటారు డ్రైవులు, చవక ఎల్‌ఈడీ బల్బులు కలిసి 40 మీటర్ల బ్యాండులో గరగర నింపేస్తాయి. ఆదివారం రాత్రి కొంత తగ్గుతుంది. ఇరవై మీటర్ల రాగి తీగను రెండు వేపచెట్ల మధ్య ఫ్యాక్టరీ గోడకు దూరంగా కడితే ఇంకొంత.

పోయిన నెల పెద్దాయన అటక మీది సెట్టు దించారు. ఇద్దరం పట్టుకుంటే గానీ కదల్లేదు. కండెన్సర్లు మార్చడానికి మూడు ఆదివారాలు పట్టింది. కాలేజీ చదివే పక్కింటి అమ్మాయి సోల్డరింగు పట్టింది, ఆయన కుర్చీలోంచి లేవకుండా ఏ తీగ ఎక్కడికో చెప్పారు. ఇంకా పేరు కూడా పెట్టుకోని మా నలుగురి క్లబ్బుకు అదే మొదటి అరువు సెట్టు. వంద పేజీల నోటుబుక్కు కొని మొదటి పేజీలో గళ్లు గీశాం: తీసుకున్న తేదీ, ఇచ్చిన తేదీ, ఎన్ని గంటలు నడిచింది, ఏ వాల్వు మార్చారు. అమ్మాయి మొదటి సంతకం పెట్టింది. సెట్టు ఆటోలోకి ఎక్కించే ముందు పెద్దాయన ఆపమన్నారు. జేబులోంచి పెన్ను తీసి, తెల్లకాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి, సెట్టు నెత్తిన టేపుతో అంటించారు: "ముందు సిరీస్ బల్బు చూడు. తర్వాతే స్విచ్చు."